అడవి జంతువులలో పొట్ట జలగలు – గుర్తించు విధము

వానలు వెనుకబట్టి చెరువులు తగ్గుముఖము పట్టిన దినములలో చెరువు శిఖములో లేత పచ్చిక మొలచును. మెట్టలలో మేత ఎండిపోవుచుండగా ఆ పచ్చికకు గొర్రెలు దిగును, గేదెలు దిగును. నల్లమల, పాపికొండలు, ఏటూరునాగారము వంటి అడవుల అంచున గల పల్లెలలో రాత్రివేళ చుక్కల దుప్పులు, కణుజులు, అడవిపందులు కూడ అదే చెరువుకు వచ్చిపోవును. కొన్ని వారములు గడచునప్పటికి మందలో కొన్ని గొర్రెలు మేత మాని, నీళ్ల వలె పారుచు, దవడ క్రింద నీరు దిగి, ఒకటి వెంట ఒకటి పడిపోవును.

అప్పుడు రైతులు తలకొక మాట చెప్పుదురు. ఒకరు దుప్పులు తెచ్చిన రోగమందురు. ఒకరు చెరువులోని జలగ నీటితో కడుపులోనికి పోయినదందురు. మరియొకరు కార్జపు జలగ మందు త్రాగించి, అయినను గొర్రెలు చచ్చుచున్నవని విసుగు చెందుదురు. ఈ మూడింటికిని మూలమొకటే. రోగమునకు కారణమైన జీవిని కంటితో చూచి గుర్తుపట్టకుండుటయే. దానిని గుర్తించుట కష్టము కాదు. సాకుడు పశువులలోను, అడవి జంతువులలోను దానిని ఎట్లు గుర్తింపవలెనో, గుర్తించిన పిమ్మట ఏమి చేయవలెనో ఈ వ్యాసములో తెలిసికొందురు.

పేరు జలగయేగాని జలగ కాదు

చెరువులో కాలికి పట్టి రక్తము పీల్చు జలగకును, పొట్టలోని జలగకును ఎట్టి చుట్టరికమును లేదు. చెరువు జలగ వానపాము జాతికి చెందినది. దాని ఒడలు ఉంగరములుగా నుండును. పొట్ట జలగ బల్లపరుపు పురుగుల జాతిది. దానికి ఉంగరములు లేవు. రెండును అంటుకొని యుండునవి గనుక మనవారు రెండింటికిని ఒకే పేరు పెట్టిరి. చెరువు జలగ పొట్టలో చేరి పొట్ట జలగగా మారుట ఎన్నడును జరుగదు.

పశువు కడుపులో కనబడు పురుగులను మూడు తెగలుగా విడదీసినచో గుర్తించుట సులభము. దారము వలెనో, పుల్ల వలెనో గుండ్రముగా పొడవుగా నుండునవి ఏలికపాములు. తెల్లని నాడా వలె, కణుపులు కణుపులుగా నుండునవి బద్దెపురుగులు. కణుపులు లేక, ఆకు వలె పలుచగనో, బేరికాయ వలె బొద్దుగనో ఉండి, అంటుకొనుటకు చూషకములు గలవి జలగలు.

జలగలలో మరల రెండు రకములు రైతునకు ముఖ్యము. మొదటిది కార్జపు జలగ. ఆకు వలె పలుచగా నుండి, కార్జములోని పైత్యనాళములలో నివసించును. మన ప్రాంతపు జాతి ఫాసియోలా జైగాంటికా. ఇది 7 సెంటీమీటర్లకు పైగా పెరుగగలదు. రెండవది పొట్ట జలగ. దీనిని ఆంఫిస్టోము అందురు. ఇది బొద్దుగా, శంకువు ఆకారములో, లేత ఎరుపు రంగులో నుండును. వెనుక కొనయందు పెద్ద చూషకము కలిగి, దానితో పెద్దపొట్ట గోడను పట్టుకొని వ్రేలాడును. పొడవు సాధారణముగా 5 నుండి 13 మిల్లీమీటర్లు. గొర్రెను కోసినపుడు పెద్దపొట్ట లోపల ఎఱ్ఱని గింజలు గుంపులుగా అంటియుండుట కసాయివారు తరచు చూచుచునే యుందురు. అవియే ఇవి.

ఏ జంతువులలో నుండును?

నెమరు వేయు జంతువులన్నియు దీనికి ఇండ్లే. ఆవు, గేదె, గొర్రె, మేకలతోపాటు దుప్పి, కణుజు, కృష్ణజింక, మనుబోతు, అడవిదున్నలును నెమరు వేయునవియే. పొట్ట జలగలలో మిక్కిలి పేరొందిన ఒక జాతికి పారాంఫిస్టోమమ్ సెర్వై అని పేరు. సెర్వై అనగా లాటిను భాషలో జింక యొక్క అని అర్థము. 1790లో ఈ జాతికి ఆ పేరు జింకను బట్టియే వచ్చినది. కార్జపు జలగ సంగతియు అట్టిదే. ఫాసియోలా జైగాంటికాను 1855లో కాబోల్డు అను శాస్త్రజ్ఞుడు మొదట వర్ణించినది జిరాఫీలో దొరికిన పురుగును చూచియే. నేడు మన గేదెలకు పెద్ద పీడగా నున్న పురుగు శాస్త్రమునకు ఒక అడవి జంతువు ద్వారా తెలియవచ్చినది.

నెమరు వేయని జంతువులకు వేరు జాతులు కలవు. పందుల చిన్న పేగులో ఫాసియోలాప్సిస్ బస్కి అను పెద్ద ఆకు వంటి జలగ ఉండును. ఇది 2 నుండి 7 సెంటీమీటర్ల వరకు పొడవుండును. మనుష్యులకును సోకును. 1843లో బస్కు అను వైద్యుడు లండనులో మరణించిన ఒక భారతీయ నావికుని పేగులో దీనిని మొదట కనుగొనెను. ఇది అస్సాము, బీహారు, ఉత్తరప్రదేశ్ వంటి ప్రాంతములలో నీటిలో పెరుగు సింగాడా కాయలను, ఇతర నీటిమొక్కలను పచ్చిగా తినువారికి పట్టును. పందుల గుడ్డి పేగులో గాస్ట్రోడిస్కాయిడిస్ హోమినిస్ అను మరియొక జలగ ఉండును. దీని వెనుక భాగము పళ్లెము వలె విశాలముగా నుండును. 1876లో లూయిస్, మెక్‌కానెల్ అనువారు దీనిని వర్ణించిరి. ఇది పందులలోను, కోతులలోను, మనుష్యులలోను కనబడినది. ఏనుగుల పేగులలో ఫెండీరియస్, హాకేసియస్ వంటి వేరు పొట్ట జలగలు కలవు. కావున ఏ జంతువులో, ఏ అవయవములో దొరికినదన్న సంగతియే గుర్తింపునకు మొదటి మెట్టు.

జలగ బ్రదుకు తీరు

పెద్దపొట్టలోని జలగ గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు పేడతో వెలుపలికి వచ్చును. ఎండిన నేలపై పడిన గ్రుడ్డు చచ్చును. నీటిలో పడినది సుమారు రెండు వారములలో పొదిగి, అందుండి ఈదగల చిన్న పిల్ల వెలువడును. ఆ పిల్ల కొన్ని గంటలలోనే తగిన నత్తను పట్టవలెను, లేనిచో మరణించును. నత్త లోపల ఒక్క పిల్ల అనేకముగా పెరిగి, తోక గల పిల్లలై నీటిలోనికి వచ్చి, గడ్డిపరకలకు అంటుకొని, చుట్టును గట్టి గూడు కట్టుకొనును. ఆ గడ్డిని మేసిన పశువునకు జలగ పట్టును. నత్త లేనిదే జలగ లేదు. దుప్పి నుండి గొర్రెకు గాలి ద్వారా గాని, తాకుడు ద్వారా గాని ఇది అంటదు.

మన దేశపు పొట్ట జలగలలో ఒకటియైన కొటైలోఫోరాన్ జీవిత చక్రమును 1938లో హెచ్. డి. శ్రీవాస్తవ గారు వివరించిరి. దీనికి ఆశ్రయమైన ఇండోప్లానార్బిస్ అను నత్త మన చెరువులలోను, కాలువలలోను, పొలపు గుంటలలోను సర్వసాధారణము. చక్రము వలె బల్లపరుపుగా చుట్టుకొని, గోధుమ రంగులో నుండును. కార్జపు జలగకు ఆశ్రయమైన లిమ్నియా నత్త వేరు. దాని గుల్ల పలుచనై, పైకి మొనదేలి, నోరు వెడల్పుగా నుండును. చెరువు అంచున చేయి పెట్టి నాలుగు నత్తలను తీసి చూచినచో మీ మందకు ఏ జలగ భయము గలదో కొంతవరకు తెలియును.

ఇక్కడ ఒక ముఖ్యాంశము గమనింపుడు. గడ్డితో కడుపు చేరిన పిల్ల జలగలు నేరుగా పెద్దపొట్టలో నిలువవు. మొదట చిన్న పేగు మొదటి భాగమునకు పోయి, అచట గోడను కొరికి పట్టుకొని కొన్ని వారములు పెరిగి, పిమ్మట వెనుకకు ప్రాకి పెద్దపొట్ట చేరును. పెద్దపొట్టలోని పెద్ద జలగలు అంతగా హాని చేయవు. వేలకొలది పిల్ల జలగలు ఒకేసారి చిన్న పేగును పట్టినప్పుడే పశువు పారుచు చిక్కి చచ్చును. ఆ పిల్ల జలగలు ఇంకను గ్రుడ్లు పెట్టు వయసు రానివి. గ్రుడ్లు కనబడుటకు సోకిన నాటి నుండి రెండు మూడు నెలలు పట్టును. కనుక పేడ పరీక్షలో గ్రుడ్లు లేవని తేలినంత మాత్రమున పొట్ట జలగ రోగము కాదని అనుకొనరాదు. ఈ ఒక్క సంగతి తెలియకనే అనేక మందలు నష్టపోవుచున్నవి.

చనిపోయిన పశువులో చూచుట

మందలో ఒక గొర్రె చనిపోయినచో పశువైద్యుని పిలిచి కోసి చూపించుట అన్నింటికన్న నమ్మదగిన మార్గము. అకస్మాత్తుగా చచ్చి, ముక్కు నుండి గాని, ఆసనము నుండి గాని నల్లని రక్తము కారుచున్న పశువును మాత్రము ఎవరును కోయరాదు. అది దొమ్మరోగము కావచ్చును. దొమ్మ మనుష్యులకును ప్రాణాంతకము.

కోసినపుడు పెద్దపొట్టను చూచి ఊరకుండరాదు. చిన్న పేగు మొదటి మూరెడు భాగమును నిలువునా చీల్చి చూడవలెను. పేగు గోడ వాచి, ఎఱ్ఱబారి, దానికి లేత గులాబి రంగు గల నూకల వంటి పిల్ల జలగలు అంటియున్నచో రోగము నిర్ధారణమైనట్లే. కార్జమును కూడ కోసి పైత్యనాళములను నొక్కి చూడవలెను. ఆకు వంటివి వెడలినచో కార్జపు జలగ. గేదెల పైత్యనాళములలో ఒక్కొక్కప్పుడు బొద్దుగా నుండు ఆంఫిస్టోము జాతి ఒకటి కనబడును. కావున చోటును, ఆకారమును రెండింటిని కలిపి చూడవలెను. పురుగులను నీటితో కడిగి, సీసాలో స్పిరిటు గాని, తొమ్మిది పాళ్ల నీటికి ఒక పాలు ఫార్మలిను కలిపిన ద్రవము గాని పోసి, తేది, ఊరు, పశువు, దొరికిన అవయవము వ్రాసి ప్రయోగశాలకు పంపవలెను.

కోయకుండ తెలిసికొనుటకును ఒక ఉపాయము కలదు. పారుచున్న గొర్రె పేడను తెల్లని పళ్లెములో వేసి, నీరు పోసి కలిపి, కొంతసేపు నిలిపి, పై నీరు వంచివేయుడు. ఇట్లు మూడు నాలుగు మారులు చేసిన పిమ్మట అడుగున మిగిలినదానిలో నూకల వంటి లేత ఎఱ్ఱని కణములు మెదలుచున్నచో అవి పేగు నుండి జారిపడిన పిల్ల జలగలు. దీనికి సూక్ష్మదర్శిని అవసరము లేదు.

పేడలో గ్రుడ్లను గుర్తించుట

బ్రదికియున్న అడవి జంతువు కడుపును కోసి చూచుట కుదరదు. దాని పేడయే మనకు సాక్ష్యము. పశువైద్యశాలలో ఈ పరీక్షను ఇట్లు చేయుదురు. 3 గ్రాముల పేడను 40 నుండి 50 మిల్లీలీటర్ల నీటిలో మెదిపి, టీ వడపోత గుండ వడగట్టి, గాజు గ్లాసులో 5 నిమిషములు నిలుపుదురు. పై నీటిని మెల్లగా వంచి, కొత్త నీరు పోసి, నీరు తేటపడువరకు మరల మరల ఇట్లే చేయుదురు. ఏలికపాముల గ్రుడ్లను ఉప్పునీటిలో తేల్చి చూచుట వాడుక. జలగ గ్రుడ్లు బరువైనవి. అవి తేలక అడుగునకు చేరును. తేల్చు పద్ధతి ఒక్కటే చేసిన చోట జలగలు తప్పించుకొనును. మీరు పేడ పంపునప్పుడు జలగల కొరకు అడుగుమడ్డి పరీక్ష చేయుడని వ్రాసి పంపుట మంచిది.

మడ్డికి ఒక చుక్క మిథిలీను బ్లూ రంగు చేర్చి సూక్ష్మదర్శినిలో చూచినచో చెత్త నీలముగా కనబడును. గ్రుడ్లు తమ రంగుననే నిలుచును. కార్జపు జలగ గ్రుడ్డు పసుపు గోధుమ రంగున నుండును. పొట్ట జలగ గ్రుడ్డు రంగు లేక తేటగా నుండును. రెండింటికిని ఒక కొనయందు మూత ఉండును. రెండును మిల్లీమీటరులో ఆరవ వంతుకు అటునిటుగా నుండును గనుక పరిమాణమును బట్టికన్న రంగును బట్టి విడదీయుట సులువు. పంది పేడలో పసుపు రంగు గ్రుడ్డు కనబడినచో తొందరపడరాదు. ఫాసియోలాప్సిస్ గ్రుడ్డును కార్జపు జలగ గ్రుడ్డును ఒకే తీరున నుండును.

గ్రుడ్డును బట్టి తెగ తెలియునేగాని జాతి తెలియదు. పొట్ట జలగలలోని జాతులను విడదీయుటకు పెద్ద పురుగును నిలువుగా పలుచని పొరలుగా కోసి, చూషకములోని కండరముల అమరికను చూడవలెను. ఇప్పుడు డి.ఎన్.ఎ. పరీక్ష ద్వారాను జాతిని తేల్చుచున్నారు.

అడవి జంతువు పేడను సేకరించుట

గ్రామపు పొలములలో, చెరువు శిఖములలో పడిన పేడను మాత్రమే సేకరింపవలెను. అభయారణ్యములోనికి అనుమతి లేక పోరాదు. ఉదయము వేళ, తడి ఆరని పేడను తీయవలెను. జంతువు పేడ వేయుటను కంటితో చూచిన చోటిదైనచో మరియు మంచిది. దుప్పి పెంటికలను మేక పెంటికలుగా పొరబడుట తేలిక. అడవిదున్న పేడ ఎద్దు పేడ వలెనే యుండును. అనుమానమున్న దానిని అనుమానమనియే వ్రాయవలెను. ఊహించి పేరు పెట్టరాదు.

చేతికి ప్లాస్టిక్ సంచి తొడుగుకొని, నేలకు తగలని పై భాగమును తీసికొని, వేరు వేరు కుప్పల నుండి ఎనిమిది పది నమూనాలు విడివిడిగా కట్టవలెను. చల్లని చోట నుంచి ఆ దినముననే పశువైద్యశాలకు చేర్చవలెను. ఆలస్యమగునన్నచో పైన చెప్పిన ఫార్మలిను ద్రవము పోయవలెను. అదే చెరువులో మేయు మీ గొర్రెల, గేదెల పేడను కూడ తప్పక పంపవలెను. ఒక ప్రక్క మాత్రమే చూచిన పరీక్ష న్యాయమైన తీర్పు చెప్పలేదు.

దుప్పిని నిందించుటకు ముందు

దుప్పి పెంటికలలో తేటరంగు గ్రుడ్లు కనబడినవనుకొందము. గొర్రెలకు రోగము దుప్పి వలననే వచ్చినదా? అట్లు చెప్పరాదు. గ్రుడ్లు ఒకే తీరున నున్నను జాతులు వేరు కావచ్చును. జాతి ఒకటియే యైనను ఎవరి నుండి ఎవరికి పోయినదో దానివలన తెలియదు. గేదెలు గంటల కొలది నీటిలో పడుకొని నీటిలోనే పేడ వేయును. దుప్పి నీరు త్రాగి పోవును. మెట్టపై పడిన దాని పెంటికలు ఎండకు ఎండిపోవును. ఎండినచో గ్రుడ్లు చచ్చునని పైన చెప్పితిమి. నత్తలున్న నీటిలోనికి ఎక్కువ గ్రుడ్లను చేర్చునది ఎవరో మీరే ఆలోచింపుడు. అనేక చోట్ల రోగము మన మందల నుండి అడవికి పోవు అవకాశమే ఎక్కువ.

అట్లని అడవి జంతువులను లెక్కింపకుండుటయు సరికాదు. జలగకు అలవాటుపడిన జంతువు ఆరోగ్యముగా తిరుగుచు, అలవాటు లేని జంతువునకు దానిని చేర్చగలదు. అమెరికా నుండి ఇటలీలోని ట్యూరిన్ నగరపు రాచవనమునకు తెచ్చిన వాపిటీ జింకలతో ఫాసియోలాయిడిస్ మాగ్నా అను పెద్ద కార్జపు జలగ వచ్చినది. 1875లో బస్సీ అను శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించెను. ఆ జలగ తన సహజమైన జింకలలో తిత్తి కట్టుకొని నిలుచును. గొర్రెలో మాత్రము కార్జమంతయు తొలుచుకొని పోయి చంపును. ఆ జలగ మన దేశపుది కాదు. కాని రెండు వైపులను పరీక్షించి గాని మాట్లాడరాదని దానివలన తెలియుచున్నది.

మందు, జాగ్రత్తలు

కార్జపు జలగకు వాడు ట్రైక్లాబెండజోలు పొట్ట జలగపై పని చేయదు. ఆల్బెండజోలు కార్జపు జలగలలో పెద్దవానిని తగ్గించునుగాని పిల్ల పొట్ట జలగలను తీసివేయదు. పైగా చూడి మొదటి నెలలో నున్న గొర్రెలకు ఇచ్చినచో పిల్లలకు హాని. పిల్ల పొట్ట జలగలకు ఆక్సిక్లోజనైడు వాడుదురు. మోతాదును, ఎన్ని రోజుల ఎడముతో మరల ఇవ్వవలెనో పశువైద్యాధికారియే పశువు బరువును చూచి చెప్పవలెను. మందు ఇచ్చిన పిమ్మట ఆయన చెప్పినన్ని దినములు పాలను, మాంసమును వాడరాదు.

పారుచున్న గొర్రెలన్నింటికి కారణము జలగయే కాదు. జ్వరము, నోటిలో పుండ్లు, ముక్కు కారుట యున్నచో పి.పి.ఆర్. రోగమేమో చూపింపవలెను. కనురెప్పలు తెల్లబడి, దవడ క్రింద నీరు దిగి, పారుట లేనిచో నాల్గవ పొట్టలోని రక్తము పీల్చు ఏలికపాము కావచ్చును.

మందుకన్న మేత జాగ్రత్త మేలు. చెరువు తగ్గుచున్న దినములలో తడి ఆరని అంచున మందను మేపకుడు. గొర్రెలకు తొట్టిలో నీరు పోసి త్రాగించుడు. శిఖపు గడ్డిని కోసి బాగుగ ఎండబెట్టి నిలువ చేసిన పిదపనే వేయుడు. నీటి గుంటలను పూడ్చుడు. బాతులు నత్తలను తినును. వీలున్న చోట వానిని పెంచుడు. నత్తలను చంపుటకు మైలతుత్తము చల్లుట వలన చేపలును చచ్చును. అడవి జంతువులు త్రాగు నీరు పాడగును. అట్లు చేయకుడు.

గ్రామాధికారులకు మనవి

అడవి జంతువు చచ్చి పడియున్నట్లు తెలిసినచో దానిని ఎవరును ముట్టకుండ చూచి, వెంటనే అటవీ అధికారికిని, పశువైద్యాధికారికిని తెలుపవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అట్టి కళేబరము ప్రభుత్వపు సొత్తు. శవపరీక్ష వారి సమక్షముననే జరుగవలెను. ఆ సమయమున పెద్దపొట్టను, చిన్న పేగు మొదటి భాగమును, కార్జమును చూచి జలగలను భద్రపరచుడని మీరు కోరవచ్చును. ఆ యొక్క సీసా మీ గ్రామపు మందలన్నింటికిని ఉపయోగపడును.

మీ గ్రామములో ఏ చెరువు శిఖములో మేసిన మందలు, ఏ నెలలో, ఎన్ని పారినవో, ఎన్ని చనిపోయినవో ఒక పుస్తకములో వ్రాసి యుంచుడు. రెండు మూడు సంవత్సరముల లెక్క చూచినచో ఏ చెరువు ఎప్పుడు అపాయకరమో మీకే తెలియును. మరుసటి సంవత్సరము ఆ నెలకు ముందే మందకు మందు వేయించి, ఆ చెరువు అంచునకు గొర్రెలు పోకుండ కాపరులకు చెప్పుడు. రైతు సోదరులు పారుట కనబడిన తొలి దినముననే పళ్లెములో పేడ కడిగి చూచి, నూకల వంటి జలగలు కనబడినచో పశువైద్యశాలకు పోవలెను. దవడ క్రింద నీరు దిగువరకు ఆగిన గొర్రెను బ్రదికించుట కష్టము.